ఒక ముడి పన్నెండు, రెండు ముళ్ళు ఇరవై నాలుగు

పోయిన నెల దిల్‌సుఖ్‌నగర్‌లో, మా కోచింగ్ సెంటర్ మూడో అంతస్తులో, బ్యాటరీల పాఠం చెబుతున్నాను. రెండో బెంచీలోంచి ఒక అమ్మాయి చెయ్యెత్తింది.

"మేడమ్, పన్నెండు వోల్టుల బ్యాటరీలు రెండు సిరీస్‌లో కలిపితే ఇరవై నాలుగు వస్తుంది కదా. మనకి పన్నెండే కావాలంటే మధ్యలోంచి ఒక వైరు లాక్కుంటే చాలు కదా?"

"చాలు" అన్నాను. "పరీక్షలో చాలు. బండిలో అలా చేశావంటే ఎల్బీ నగర్‌లో ఒకాయన నిన్ను కూచోబెట్టి మరీ క్లాసు పీకుతాడు."

క్లాసంతా నవ్వింది. ఎందుకు నవ్విందో దానికే తెలీదు. నాకు మాత్రం ఆయనతో మాట్లాడి చాలా రోజులైందని గుర్తొచ్చింది. ఈ అమ్మాయి ప్రశ్న చెబితే సంబరపడతాడు కదా అని, బెల్లు కొట్టగానే వరండాలోకి వచ్చి ఫోన్ తీశాను. నా ఫోన్లో ఆయన పేరు "పంపు ఎల్బీ నగర్".

ఎవరో ఆడమనిషి ఎత్తింది.

"నాయిన లేడు మేడమ్. పోయి రెండు నెల్లాయె. మీరెవలు?"

ఏదో తడబడి, దిల్‌సుఖ్‌నగర్ అనీ, కారవాన్ అనీ, టీచర్ననీ అన్నాను.

"ఓ, దారాలు తెంపిన టీచరమ్మనా?" అంది ఆ అమ్మాయి. ఆ ఏడుపు గొంతులోనే చిన్నగా నవ్వు.

ఇరవై రెండేళ్ళుగా ఫిజిక్సు చెబుతున్నాను. ఎంతమంది ఇంజనీర్లయ్యారో లెక్కలేదు. ఆ ఇంట్లో మాత్రం నేను దారాలు తెంపిన టీచరమ్మని. సరే, చేసుకున్నదానికి అనుభవించాలిగా.

ఆయన అసలు పేరు నాకు తెలీదు. అడగలేదు. ఆ వీధిలో అందరూ "పంపాయన" అనేవాళ్ళు, నేను "అన్నా" అనేదాన్ని. పొట్టి మనిషి, యాభై అయిదు దాటి ఉంటాయి. మెడ తిరిగేది కాదు. వెనకనుంచి పిలిస్తే తల తిప్పడానికి లేదు, మొత్తం మనిషే తిరగాలి. పోచంపల్లి దగ్గర ఏదో పల్లె, ఫ్లోరైడు నీళ్ళ ప్రాంతం. పళ్ళ మీద గోధుమరంగు చారలు. "చిన్నప్పటి నీళ్ళు మేడమ్. పండ్లల్ల కొన్ని, మెడల కొన్ని కూసున్నయి" అనేవాడు, ఇంట్లో కిరాయికి ఉన్నవాళ్ళ గురించి చెబుతున్నట్టు. నేత కుటుంబం. మగ్గం మీద కడుపు నిండక నగరానికొచ్చి, ఏవేవో చేసి, చివరికి బండ్ల కరెంటు పనిలో స్థిరపడ్డాడు.

ఎల్బీ నగర్ చౌరస్తా నుంచి నాగోల్ వైపు వెళ్తుంటే ఎడమచేతి సందులో ఆయన కొట్టు. బోర్డు లేదు. మేకుకి వేలాడుతున్న పాత పంపే బోర్డు. షూటింగులకి తిరిగే కారవాన్లు ఆయన దగ్గరికొచ్చేవి. వాటిలో స్నానాలగది ఉంటుంది, ట్యాంకు ఉంటుంది, ట్యాంకులోంచి నీళ్ళు తోడి కుళాయికి పంపే చిన్న పంపు ఉంటుంది. ఈ చిన్న పంపుందే, దాని మూతి ఎప్పుడు ముడుచుకుంటుందో దేవుడికి కూడా తెలీదు. ఆయనకి తెలిసేది.

ఏ బండి వచ్చినా ఆయన మొదటి ప్రశ్న ఒకటే. "నీళ్లెవలకు?"

ఏం పాడైంది అని అడగడు. ఎన్నాళ్ళనుంచి అని అడగడు. నీళ్ళు ఎవరికి? ఒకసారి నేనక్కడ ఉండగానే ఒక డ్రైవరు కంగారుగా వచ్చి, లోపల పెద్ద హీరో వాడే బండి, గంటలో కావాలి అని హడావుడి చేశాడు. ఈయన పంపు మూత విప్పుతూ, "హీరో అయితేంది, సబ్బు మొకం మీదున్నంక నీళ్ళు ఆగిపోతే ఆయన గుడ మనిషే. కూసో, చాయ్ తాగు" అన్నాడు. హీరో గారి బండి మిగతా బండ్లలాగే వరసలో నిలబడింది.

ఇక నా కథ, కొన్నేళ్ళ కిందటిది. మాది కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. మా అత్తయ్యకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి సగం పడిపోయింది. కాళ్ళు బాగానే నడుస్తాయి, నోరు అంతకన్నా బాగా నడుస్తుంది. కానీ అరగంటకోసారి బాత్రూముకి వెళ్ళాలి. ఇంట్లో కమోడు పక్కనుండే నీళ్ళ స్ప్రే ఎడమచేత్తో పట్టుకుని తనే అన్నీ చూసుకుంటుంది. బయట కుదరదు. మగ్గు ఎత్తి పోసుకోవడానికి రెండో చెయ్యి లేదు. ఎవరైనా పక్కన నిలబడి నీళ్ళు పోస్తామంటే ఒప్పుకోదు. "కోడలు నీళ్ళు పోస్తే కడుక్కునే రోజొస్తే చెప్పండి, ఆ రోజే పోతాను" అంటుంది. దాంతో రెండేళ్ళుగా గడప దాటలేదు. చీరాలలో ఆవిడ అక్క మంచం పట్టింది. అక్కకి చెల్లెల్ని చూడాలని, చెల్లెలికి అక్కని చూడాలని. ఫోన్లో ఒకరి మొహం ఒకరు చూసుకుని ఏడవడం తప్ప మరో దారి లేదు.

మా ఆయన బ్యాంకు ఉద్యోగి. ఒకరోజు చెప్పాపెట్టకుండా ఒక పాత కారవాన్ కొనుక్కొచ్చాడు. ఒకప్పుడు ఏదో ఫ్యాక్టరీ స్టాఫ్ బస్సు, తరవాత ఎవరో మంచాలు, బాత్రూమూ పెట్టించారట. "వీకెండ్లకి సరదాగా ఉంటుంది" అన్నాడు వీధి వాళ్ళతో. సరదా కాదు, వాళ్ళమ్మని చీరాల తీసుకెళ్ళాలని. అది మా ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరం పైకి అనలేదు.

కారవాన్ అయితే వచ్చింది కానీ పది రోజులకోసారి దాని రెండు బ్యాటరీల్లో ఒకటి చచ్చేది. ఎప్పుడూ అదే. రెండోది దిట్టంగా ఉండేది. అలా ఎల్బీ నగర్ సందులోకి వెళ్ళాం.

"నీళ్లెవలకు?" అన్నాడాయన.

"ఊరికే, పిక్నిక్కులకి" అన్నాను. మా అత్తయ్య బాత్రూము సంగతి నడివీధిలో చెప్పడం నాకిష్టం లేకపోయింది.

ఆయన మొత్తం మనిషి నావైపు తిరిగి ఒకసారి చూశాడు. బ్యాటరీల పెట్టె తెరిచాడు. తెరిచి నాలిక చప్పరించాడు. బస్సుకి కావలసింది ఇరవై నాలుగు వోల్టులు, అందుకే రెండు పన్నెండు బ్యాటరీలు కలిపి ఉన్నాయి. నీళ్ళ పంపుకి కావలసింది పన్నెండే. పాత యజమాని తెలివిగా మధ్యలోంచి వైరు లాగి పంపుకిచ్చాడు.

"ఎవలు చేసిండ్రు గిది?"

"ఎవరు చేస్తేనేం, సరిగానే ఉంది కదా" అన్నాను నేను. ఆ ఒక్క మాటా అనకుండా ఉండాల్సింది. "మధ్యలోంచి తీస్తే పన్నెండే వస్తుంది. నేను ఫిజిక్స్ లెక్చరర్ని."

"మంచిది మేడమ్" అన్నాడు, వెటకారమేమీ లేకుండా. "ఇద్దరు కలిసి మంచం మోస్తున్నరనుకోండ్రి. మీరు ఒకని నెత్తి మీద మల్ల బిందె పెట్టిండ్రు. వాడు అలిసిపోతడు. మంచం దించినంక ఇద్దరికి ఒక్కటే అన్నం పెడ్తిరి. బిందె మోసినోనికి సాలదు, మోయనోనికి ఎక్కువైతది. వాడు ఆకలితోటి సస్తడు, వీడు తిండెక్కువై సస్తడు."

నిజమే. మధ్యలోంచి లాగిన బ్యాటరీ ఎప్పుడూ సగమే నిండుతుంది, రెండోది అతిగా నిండి ఉడుకుతుంది. ఈ మాట ఏ పుస్తకంలోనూ మంచమూ బిందే పెట్టి చెప్పలేదు నాకు. ఇరవై నాలుగుని పన్నెండు చేసే చిన్న పెట్టె ఒకటి, కన్వర్టర్ అంటారు, అది బిగించి రెండు బ్యాటరీల మీదా బరువు సమానం చేశాడు.

ఆదివారం మా వీధి చివర ఖాళీ స్థలంలో బండి దగ్గరికి ఆయనే వచ్చాడు, పంపు ఒకసారి వినాలని. చూడాలని కాదు, వినాలని. జేబులోంచి చిన్న వెదురు గొట్టం తీసి, ఒక కొస పంపుకి ఆనించి ఇంకో కొస చెవికి పెట్టుకున్నాడు. మా అత్తయ్య ఇంటి అరుగు మీదనుంచి అది చూసి చకచకా నడిచొచ్చింది.

"అది కండె కదటయ్యా? నూలు చుట్టే కండె?"

ఆయన మొహం విప్పారింది. "అవు పెద్దమ్మా. మీకెట్ల ఎర్క?"

"మాది చీరాల. మా ఇంటి పక్కంతా మగ్గాలే. చిన్నప్పుడు ఈ కండెలు ఏరుకొచ్చి బొమ్మ పెళ్ళిళ్ళకి సన్నాయిలు చేసేవాళ్ళం నేనూ మా అక్కా. నువ్వు దాన్నిట్టా డాక్టరు గొట్టంలా చేశావేంటి?"

"మోటరు ఏడుస్తది పెద్దమ్మా. మందికేమో దాని నోరు మూసెయ్యాలని తొందర. ఎందుకు ఏడుస్తుందో జర ఇనాలె గదా."

అంతే. ఇద్దరూ బస్సు మెట్ల మీద కూచున్నారు. ఆయనేమో "ఏంది", "గట్లనా" అంటాడు, ఈవిడ "ఏంటీ", "అట్టాగా" అంటుంది. ఎక్కడా ఆగకుండా గంటసేపు సాగింది. నేను టీ ఇచ్చి లోపలికెళ్ళి వచ్చేసరికి నేను దాచిన సంగతంతా ఆవిడే చెప్పేసింది. చెయ్యి సంగతి, స్ప్రే సంగతి, అక్క సంగతి. ఆయన తల ఊపుతూ వింటున్నాడు. నన్ను చూసి "పిక్నిక్కులకా మేడమ్?" అనలేదు. నేనైతే అనేదాన్ని.

మర్నాడు బాత్రూములో కుళాయి తీసేసి కింద కాలితో నొక్కే స్విచ్చి పెట్టాడు. కాలు పెడితే నీళ్ళు, తీస్తే బందు. స్ప్రేని ఎడమచేతి ఎత్తుకి దించాడు. పక్కనే పట్టుకోవడానికి ఒక కడ్డీ. బస్సు కదులుతున్నా పడిపోకుండా, ఎవరి సాయమూ లేకుండా. అత్తయ్య లోపలికెళ్ళి తలుపేసుకుని, నాలుగైదుసార్లు నీళ్ళు వదిలి చూసుకుని, బయటికొచ్చి, "ఒరేయ్, చీరాలెప్పుడు వెళదాం?" అంది మా ఆయనతో. రెండేళ్ళలో ఆవిడ నోట ఆ ప్రశ్న రావడం అదే మొదలు.

ఆయన వైర్లకి రాసిన చీటీలు అంటించేవాడు కాదు. చీటీ తడుస్తుంది, చినుగుతుంది, చదువు రానివాడికి పనికిరాదు అనేవాడు. పసుపు నూలు దారం కట్టేవాడు. ఒక ముడి ఉంటే పన్నెండు వోల్టుల వైరు, రెండు ముళ్ళుంటే ఇరవై నాలుగు. కళ్ళు మూసుకుని వేలితో తడిమి చెప్పేవాడు. అన్ని బండ్లకీ అంతే. నాకు చెప్పాడు కూడా. నేను "ఆఁ ఆఁ" అన్నాను. "ఆఁ ఆఁ" అన్నవాళ్ళు పరీక్షల్లో ఏం చేస్తారో నాకు బాగా తెలుసు. అయినా అన్నాను.

ఒక సాయంత్రం ఏదో స్క్రూల పొట్లం ఇవ్వడానికి మా సెంటర్‌కి వచ్చి, క్లాసయ్యేదాకా గుమ్మం బయట నిలబడి నా పాఠం విన్నాడు. "మంచిగ చెప్తున్నరు మేడమ్" అన్నాడు. నేను మురిసిపోయేలోపే, "గని మీ లెక్కలల్ల బ్యాటరీలన్నీ కొత్తయే ఉంటయి" అన్నాడు. అప్పటినుంచి నా లెక్కల్లో ఒక పాత బ్యాటరీ పెట్టి పిల్లల్ని ఏడిపిస్తున్నాను.

ప్రయాణం ఖాయమైంది. ఆదివారం పొద్దున్నే. శనివారం బండిని కడిగి పూజ చేయించాలి. నేను చీర కొంగు దోపి, సీటు కింద చెక్క ఎత్తి, అడుగున పేరుకున్న దుమ్ము తుడవడానికి అడ్డమొచ్చిన వైర్లు నాలుగు ఊడదీశాను. అత్తయ్య తొంగి చూసింది.

"అమ్మాయ్, అవేంటి పసుపు దారాలు? పాతవాళ్ళు చేయించిన పూజవి లాగున్నాయి. మురికోడుతున్నాయి. వేరేవాళ్ళ పూజ దారాలుండగా మన పూజేంటి? తీసెయ్."

నాకూ అలాగే అనిపించింది. మసిబారిన పసుపు దారం, ముళ్ళు. గుడి దగ్గర ఏ బండి చూసినా అలాంటివే. కత్తెర తెచ్చి నాలుగూ కత్తిరించాను. కాలవలో పారెయ్యకూడదని, భక్తిగా తులసికోట మొదట్లో పెట్టాను కూడా. చేసిన తప్పు శాస్త్రోక్తంగా చేశాను.

తుడవడమయ్యాక వైర్లు మళ్ళీ పెట్టాలి. ఒక జత పంపుకి, ఒక జత పైనున్న ఫ్యానుకి. ఏది ఏదో? మీటరు ల్యాబులో ఉంది. నా బుర్ర నా దగ్గరే ఉంది. లావు వైరు పంపుకే అయ్యుంటుంది అని తీర్పు చెప్పి బిగించేశాను. స్విచ్చి నొక్కితే ఫ్యాను తిరిగింది, కాలు పెడితే నీళ్ళొచ్చాయి. లెక్చరర్ గారి గెలుపు.

పొద్దున్నే బయల్దేరాం. ఎల్బీ నగర్ దాటగానే అత్తయ్య లోపలికెళ్ళొచ్చి, "అబ్బ, ఏం ఫోర్సే! మనింట్లో కూడా ఇంత లేదు" అంది. హయత్‌నగర్ దగ్గర మళ్ళీ, "గోడలు కూడా శుభ్రమైపోతున్నాయి" అంది. పైన ఫ్యాను మెల్లగా, పెళ్ళిలో పెద్దాయన విసిరినట్టు తిరుగుతోంది. "ఈ ఫ్యానూ హాయిగా ఉందిరా, చలి కొట్టకుండా" అంది. మేమంతా ఊఁ కొట్టాం. పంపు పిచ్చెత్తినట్టు కొడుతోంది, ఫ్యాను నిద్రపోతోంది, ఈ రెండూ పక్కపక్కనే నా ఎదురుగా ఉన్నాయి. అర మార్కు ప్రశ్న. నాకు తట్టలేదు.

చౌటుప్పల్ దాటాక లోపలినుంచి కాలిన వాసనొచ్చింది. అత్తయ్య తలుపు సందులోంచి మొహం పెట్టి, నెమ్మదిగా, "అమ్మాయ్, నీళ్ళు రావడంలేదు" అంది.

రోడ్డు పక్కన ఒక దాబా ముందు ఆపాం. మా ఆయన పరిగెత్తి సీసాల నీళ్ళు కొనుక్కొచ్చాడు. నేను "ఈ ఒక్కసారికీ నేను పోస్తానత్తయ్యా" అన్నాను. ఆవిడ నావైపు చూడలేదు. ఎలాగో తనే ఒక్క చేత్తో సీసాతో తంటాలు పడి, చీరంతా తడుపుకుని బయటికొచ్చింది. సీట్లో కూచుని, తడి కుచ్చిళ్ళు పిండుకుంటూ, "తిప్పెయ్‌రా ఇంటికి. అక్కకి నేను ఫోన్లో చెప్పుకుంటాలే" అంది.

ఆ మాట ఆవిడ చాలా మామూలుగా అంది. చీరాలకి ఇంకా సగం పగలు ప్రయాణం ఉంది. ఇప్పుడు తిప్పితే ఈవిడ మళ్ళీ బండెక్కదు. మంచంలో ఉన్న ఆ మనిషికి అంత వ్యవధి ఉందో లేదో.

ఫోన్ తీసి ఆయనకి కొట్టాను. ఆదివారం, కొట్టు మూసి పల్లెలో ఉన్నాడు.

"పంపు మీద ఫోన్ పెట్టుండ్రి" అన్నాడు. పెట్టాను. చప్పుడే లేదు. "అయిపోయింది. సరే, ఫ్యాను ఎట్ల తిరుగుతుంది?"

"ఫ్యానుకేం, బాగానే... మెల్లగా."

"మేడమ్, దారాలున్నయా?"

"ఏ దారాలు?"

అన్నాక తెలిసింది. పన్నెండు వోల్టుల పంపుకి ఇరవై నాలుగు ఇచ్చాను. ఇరవై నాలుగు ఫ్యానుకి పన్నెండు ఇచ్చాను. తులసికోట దగ్గర పెట్టిన సంగతి కూడా చెప్పేశాను, చెప్పక చస్తానా. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది.

"పెద్దమ్మ ఏమంటుంది?"

"ఇంటికి తిప్పమంటోంది."

"తిప్పకుండ్రి. ఆడనే ఉండుండ్రి. ఒస్తున్న."

ముప్పావుగంటకి మోపెడ్ మీద వచ్చాడు. చేతిలో గుడ్డ సంచి. సంచిలోంచి ఒక చిన్న పంపు తీశాడు, దానికింకా తెల్లటి సన్న గొట్టాలు వేలాడుతున్నాయి. ఎక్కడో చూసినట్టుంది. మా వంటింట్లో తాగేనీళ్ళ ఫిల్టరు లోపల ఉండేలాంటిదే.

"అన్నా, ఇది..."

"మా ఇంట్లదే. ఫిల్టర్ల నుంచి తీసిన. కొట్టుకు పోయి మీ అసొంటి పంపు తెచ్చేటాలకు పగటేళ అయితది, గంతసేపు పెద్దమ్మ ఆగదు." సీటు కింద దూరి పని మొదలెట్టాడు. "దీనికి ఇరవై నాలుగే కావాలె. మీ బస్సుల ఇరవై నాలుగే ఉన్నది. నడుమ డబ్బా గుడ అవసరం లేదు. నీళ్ళు సన్నగ ఒస్తయి. గని ఒస్తయి."

లావు గొట్టానికీ సన్న గొట్టానికీ పొత్తు కుదరకపోతే సైకిలు ట్యూబు ముక్క చుట్టి, దాని మీద నూలు దారం బిర్రుగా చుట్టాడు. ఆ వేళ్ళు దారం చుట్టే తీరు చూస్తే మగ్గం వదిలిన మనిషని ఎవరూ అనుకోరు. నేను పక్కన టార్చి పట్టుకుని, "మరి మీ ఇంట్లో తాగడానికి?" అని అడిగాను. ఆ పల్లెల నీళ్ళు ఎలాంటివో ఆయన మెడే చెబుతోంది.

"క్యాన్లు తెచ్చుకుంటరు. మీరొచ్చేదాంక గంతే గదా. పరేషాన్ గాకుండ్రి." సీటు కిందనుంచి గొంతు మాత్రమే వస్తోంది. "నేను మా అక్కను సూడలే మేడమ్. రేపు పోదాం, రేపు పోదాం అనుకుంట కొట్ల కూసున్న. పోయేటాలకు అయిపోయింది."

అంతకుముందూ ఆ తరవాతా ఆయన తన ఇంటి సంగతి నాతో చెప్పింది అదొక్కటే. నేను టార్చి ఇంకాస్త దగ్గరగా పట్టుకున్నాను.

అయ్యాక వైర్లకి దారాలు కట్టాడు. పంపుకి రెండు ముళ్ళు. ఫ్యానుదీ సరిచేసి దానికీ రెండు. అత్తయ్యని పిలిచాడు. "పెద్దమ్మా, ఇవి పూజ దారాలే అనుకోండ్రి. తీయించకుండ్రి."

ఆవిడ తన బొట్టు భరిణె తెప్పించి, ఆ నాలుగు ముళ్ళకీ తనే కుంకుమ అద్దింది. తరవాత లోపలికెళ్ళి తలుపేసుకుంది. మేం ముగ్గురం బయట, దాబా వాడు కూడా వచ్చి నిలబడ్డాడు, వేలం పాట చూస్తున్నట్టు. పంపు టకటకమని చిన్నగా కొట్టడం మొదలుపెట్టింది. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. తలుపు తెరుచుకుంది.

"సన్నగానే ఉంది కానీ, పనైంది" అంది అత్తయ్య. "నడవండి, అక్కడ అక్క ఎదురుచూస్తుంటుంది."

చీరాల చేరేసరికి సాయంత్రం. బస్సు ఇంటి ముందు ఆగితే వీధంతా బయటికొచ్చింది. అత్తయ్య ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగి, తిన్నగా మంచం దగ్గరికి నడిచింది. ఆ పెద్దావిడ దిండు మీదనుంచి తలెత్తి, నమ్మలేనట్టు చూసి, "ఎట్టా వచ్చావే?" అంది.

"నా బాత్రూము నేనే తెచ్చుకున్నాను" అంది అత్తయ్య.

ఇద్దరూ పగలబడి నవ్వి, నవ్వుతూ నవ్వుతూ ఏడ్చారు. మూడు రోజులు ఆ మంచం మీద ఇద్దరూ ఒక దుప్పట్లో. ఏం మాట్లాడుకున్నారో మాకు వినిపించనివ్వలేదు. మూడో రోజు ఆయన దగ్గరనుంచి ఫోను. ఆయన తనంతట తాను చెయ్యడం అదొక్కసారే. "నీళ్ళొస్తున్నయా?" అన్నాడు. వస్తున్నాయన్నాను. "మంచిది" అని పెట్టేశాడు.

రెండు నెలలు తిరక్కుండానే ఆ అక్క పోయింది.

ఆ ప్రయాణంనుంచి తిరిగొచ్చిన రోజే ఆయన పంపు పట్టుకెళ్ళి ఇచ్చాను. తడిగుడ్డతో తుడిచి, కొత్త పంచెలో చుట్టి మరీ. ఆయన పంచె పక్కన పెట్టి, పంపుని కండెతో విని, "దీనికేం కాలే" అన్నాడు. నాకు చివాట్లు పెట్టే అవకాశం అలా వదిలేశాడు. కానీ ఇంట్లో మాత్రం చెప్పుకుని నవ్వుకున్నారన్నమాట, ఫోన్లో వాళ్ళమ్మాయి అన్న మాటని బట్టి తెలిసింది. నవ్వుకోనీ. ఆయన నవ్వుకున్నాడంటే నాకు సంతోషమే.

ఆయన పోయిన కబురు అత్తయ్యకి ఎలా చెప్పాలో తెలీక రెండు రోజులు దాచాను. మూడో రోజు మధ్యాహ్నం, భోజనాలయ్యాక, ఆవిడ సోఫాలో కూచుని టీవీ చూస్తుంటే పక్కన కూచుని చెప్పాను. పంపాయన పోయాడట, రెండు నెలలైందట.

ఆవిడ టీవీ కట్టేసింది. కాసేపు తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని కూచుంది. తరవాత లేచి, అల్మరాలోంచి తువ్వాలూ ఉతికిన చీరా తీసుకుంది.

"ఎక్కడికమ్మా?" అన్నాడు మా ఆయన.

"తలకి పోసుకోవాలి."

మాకు అర్థం కాలేదు. అయినవాళ్ళు పోయినట్టు తెలిస్తే కదా తలస్నానం. మా ఆయన మెల్లగా అన్నాడు, "ఆయన మనకేమవుతాడని?"

అత్తయ్య బాత్రూము గుమ్మంలో ఆగింది.

"మా అక్క పోయిందని తెలిసినప్పుడు పోసుకోలేదూ? ఆ అక్క మొహం నాకు చూపించినవాడురా. అంతకంటే ఏమవ్వాలి?"

తలుపేసుకుంది. చాలాసేపటికి, జుట్టు కొసలనుంచి నీళ్ళు కారుతుండగా బయటికొచ్చి, నావైపు చూసి, "నువ్వు కూడా పోసుకో అమ్మాయ్" అంది.

తువ్వాలు తీసుకుని లోపలికెళ్ళాను.